కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ వాడాలి? జూనియర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కాలేజీలు తెరిచిన నెల రోజులకి నా వాట్సాప్‌లో ఈ సందేహాలు మొదలవుతాయి. కాలేజీ జూనియర్లు, చుట్టాల పిల్లలు, వాళ్ల రూమ్మేట్లు, అందరివీ దాదాపు అవే ప్రశ్నలు. టైప్ చేసిందే మళ్లీ టైప్ చేసి విసుగొచ్చి, వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీ ప్రశ్న ఏదో దానికే నేరుగా వెళ్లండి. ఒక జవాబు అర్థం కావడానికి ఇంకోటి చదవాల్సిన పనిలేదు.

## మొదలుపెట్టే ముందు

అన్నా, పది వీడియోలు చూశాను, ఇంకా కన్ఫ్యూజ్ అయ్యాను. ఒక్క పేరు చెప్పు చాలు

వీఎస్ కోడ్, అంటే విజువల్ స్టూడియో కోడ్. జావా ఒక్కటే చేస్తానంటే ఇంటెల్లిజే ఐడియా. ఆండ్రాయిడ్ యాప్‌లకైతే ఆండ్రాయిడ్ స్టూడియో. ఐఫోన్ యాప్‌లకైతే ఎక్స్‌కోడ్, దానికి మ్యాక్ ఉండాలి.

వీఎస్ కోడే ఎందుకంటే, మీరు ఎక్కడైనా ఇరుక్కుంటే పక్క బెంచీవాడి దగ్గర కూడా అదే ఉంటుంది. ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 సర్వేలో జవాబిచ్చినవాళ్లలో నలుగురికి దాదాపు ముగ్గురు అదే వాడుతున్నామన్నారు. నేను రోజూ వాడేది మాత్రం నియోవిమ్, ఎక్కువగా కీబోర్డుతోనే నడిపే ఎడిటర్. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి దాన్ని అంటగట్టను. భాష నేర్చుకోవాల్సిన రోజుల్లో ఎడిటర్‌తో కుస్తీ పట్టడం దండగ.

ఎడిటర్‌కీ ఐడీఈకీ తేడా ఏంటి? ఇంటర్వ్యూలో కూడా అడిగారు

ఎడిటర్ పని ఫైల్ తెరవడం, రాయనివ్వడం, సేవ్ చేయడం. నోట్‌ప్యాడ్++, సబ్లైమ్ టెక్స్ట్, విమ్ ఈ కోవవి. ఐడీఈ అంటే ఎడిటర్‌తో పాటు కోడ్‌ని మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చడం (కంపైల్ చేయడం), తప్పు ఎక్కడుందో ఒక్కో లైనూ ఆపి చూపించే డీబగ్గర్, ప్రాజెక్టు మొత్తంలో ఒక పేరు మార్చడం, ఇవన్నీ ఒకే చోట అమర్చి ఇచ్చేది. ఎక్లిప్స్, ఇంటెల్లిజే, విజువల్ స్టూడియో ఐడీఈలు.

వీఎస్ కోడ్ పుట్టుక ఎడిటర్‌గానే. ఎక్స్‌టెన్షన్లు (అదనపు సదుపాయాలిచ్చే చిన్న ప్రోగ్రామ్‌లు) తగిలించుకుంటూ పోతే ఐడీఈ అయి కూర్చుంటుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క జోడించండి, చెప్పేవాడికి విషయం తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

వీఎస్ కోడ్, విజువల్ స్టూడియో రెండూ ఒకటేనా?

కాదు. రెండూ మైక్రోసాఫ్ట్‌వే, పేర్లు కలవడం తప్ప లోపల పోలిక తక్కువ. విజువల్ స్టూడియో 1997 నుంచి ఉన్న పెద్ద ఐడీఈ, గుర్తు ఊదారంగు. సీ షార్ప్, డాట్ నెట్ చేసేవాళ్లకి బాగుంటుంది, కానీ ఇన్‌స్టాలేషనే కొన్ని జీబీలు లాగుతుంది. వీఎస్ కోడ్‌ని 2015లో ప్రకటించారు, గుర్తు నీలంరంగు, డౌన్‌లోడ్ చిన్నది. హాస్టల్ వైఫైలో రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి పొద్దున్నే ఊదారంగు చూసుకున్నవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు.

నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది. నడుస్తుందా?

వీఎస్ కోడ్ నడుస్తుంది. దాంతో పాటు క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తేనే కష్టం. వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ మీద కట్టిన సాఫ్ట్‌వేర్. అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజరే తిరుగుతుంటుంది. బయట క్రోమ్, లోపల ఇంకో బ్రౌజర్, రెండూ కలిసి 4 జీబీని తినేస్తాయి. ఎక్స్‌టెన్షన్లు రెండు మూడుకి మించనివ్వకండి.

అప్పటికీ ఈడుస్తుంటే సీ, సీ++కి జీనీ గానీ కోడ్ బ్లాక్స్ గానీ, పైథాన్‌కి థానీ గానీ వేసుకోండి. ఆండ్రాయిడ్ స్టూడియో ఆశ మాత్రం వదులుకోండి. దానికి గూగుల్ చెప్పే కనీస ర్యామే 8 జీబీ, తెర మీదే ఫోన్‌ని నడిపి చూపించే ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16. డబ్బులు చేతిలో ఉంటే ముందు హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత ల్యాప్‌టాప్‌కి అంతకంటే మంచి మందు లేదు.

ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది

మొదటి రెండు నెలలు లాగించొచ్చు. పైథాన్‌కి పైడ్రాయిడ్ 3, హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌లకి ఏకోడ్, కాస్త ధైర్యముంటే టర్మక్స్. టర్మక్స్‌లో నిజమైన లైనక్స్ కమాండ్లు నేర్చుకోవచ్చు, అది తర్వాత ఉద్యోగంలో కూడా పనికొస్తుంది. ఒక ఓటీజీ కేబుల్, ఒక పాత యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే సగం బాధ పోతుంది. గాజు మీద బ్రాకెట్లు కొట్టడమంత నరకం ఇంకోటి లేదు.

డబ్బు కట్టాలా? క్రాక్ వెర్షన్ లింక్ ఒకటి గ్రూపులో తిరుగుతోంది

ఆ లింక్ ముట్టుకోకండి. వీఎస్ కోడ్, విమ్, ఈమాక్స్, ఎక్లిప్స్, నోట్‌ప్యాడ్++ అన్నీ ఉచితమే. ఇంటెల్లిజే తయారుచేసే జెట్‌బ్రెయిన్స్ వాళ్లు విద్యార్థులకి తమ ఐడీఈలు ఉచితంగా ఇస్తారు, కాలేజీ ఈమెయిల్‌తో గానీ ఐడీ కార్డుతో గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. సబ్లైమ్ టెక్స్ట్ కొనమని అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంది తప్ప పని ఆపదు. ఇన్ని ఉచితంగా దొరుకుతుంటే, మీ పాస్‌వర్డ్‌లన్నీ ఉన్న మెషిన్‌లో ఎవడో తయారుచేసిన క్రాక్ నడపడం దేనికి?

## కాలేజీ ల్యాబ్‌లో

ల్యాబ్‌లో టర్బో సీ++ మీదే చేయమంటున్నారు. ఇంట్లో వేరేది వాడితే మార్కులు పోతాయా?

ఇంట్లో వేరేదే వాడండి. పరీక్ష ముందు వారం మాత్రం ల్యాబ్‌లో కూర్చుని ఆ నీలం తెర అలవాటు చేసుకోండి.

బోర్లాండ్ కంపెనీ టర్బో సీ++ని 1990లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తెచ్చింది. సీ++కి మొదటి ప్రమాణం వచ్చిందే 1998లో. అంటే మీ ల్యాబ్‌లో ఉన్నది ప్రమాణం పుట్టకముందు కంపైలర్. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అది నేరుగా నడవదు, అందుకే డాస్‌బాక్స్ అనే పెట్టెలో పెట్టి నడుపుతున్నారు.

తేడా కళ్లారా చూడాలంటే ఫాక్టోరియల్ ప్రోగ్రామ్ రాయండి, విలువలన్నీ మామూలు ఇంట్‌లోనే ఉంచండి. 7 ఇస్తే 5040 వస్తుంది, సరే. 8 ఇస్తే 40320 రావాలి. టర్బో సీలో మైనస్ 25216 వస్తుంది. మీ లాజిక్‌లో తప్పేం లేదు. అందులో ఇంట్‌కి 16 బిట్‌లే కాబట్టి 32767 దాటితే గిర్రున తిరిగి మైనస్‌లోకి పోతుంది. అదే ప్రోగ్రామ్ ఇంట్లో జీసీసీ అనే ఇప్పటి కంపైలర్‌లో 12 ఫాక్టోరియల్ దాకా సరిగ్గా చెబుతుంది.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు మూడు మార్చుకోండి. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయండి. కోనియో హెడర్, దాంతో వచ్చే క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ తీసేయండి. సీ++ అయితే ఐఓస్ట్రీమ్ పక్కన డాట్ హెచ్ తీసేసి, యూజింగ్ నేమ్‌స్పేస్ స్టాండర్డ్ లైను చేర్చండి. రికార్డులో మాత్రం మేడం ఎలా రాయమంటే అలాగే రాయండి. అక్కడ వాదన పెట్టుకుని గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

పీడీఎఫ్‌లోంచి ప్రోగ్రామ్ కాపీ చేశాను. ‘స్ట్రే 342’ అని పదిహేను ఎర్రర్లు వచ్చాయి

కోట్ గుర్తులు చూడండి. వర్డ్, పీడీఎఫ్, వాట్సాప్‌ల మీదుగా వచ్చిన కోడ్‌లో నిటారు కోట్‌లు వంకర కోట్‌లైపోతాయి. కంటికి అందంగానే ఉంటాయి, కంపైలర్‌కి మాత్రం అవి ఏ భాషో తెలియదు. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఆ వంకర కోట్ మూడు బైట్లు, అందులో మొదటి బైటుని ఎనిమిది ఆధారపు లెక్కలో రాస్తే 342. జీసీసీ చెబుతున్నది ఆ సంఖ్యే. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో వంకరవన్నీ తీసి నిటారువి పెట్టేయండి. మైనస్ గుర్తులు కూడా పొడుగు గీతలై ఉంటాయి, వాటినీ చూడండి.

క్యాంపస్ పరీక్షలో బ్రౌజర్‌లోనే కోడ్ రాయాలట. ఎడిటర్ అలవాటు దెబ్బకొడుతుందా?

కొడుతుంది. అక్కడ మీ ఎక్స్‌టెన్షన్లు ఉండవు, చాలా చోట్ల పేరు పూర్తిచేసే సజెషన్లూ ఉండవు. పరీక్షకి నెల ముందు నుంచి సజెషన్లు ఆపేసి రోజుకో గంట రాయండి. స్ట్రింగ్ పొడవు కనుక్కోవడానికి జావాలో బ్రాకెట్లు పెట్టాలి, అర్రేకైతే పెట్టకూడదు. ఇన్నాళ్లూ ఎడిటరే గుర్తుపెట్టుకున్న ఇలాంటివి అప్పుడు మీకు గుర్తుండాలి.

## ఇన్‌స్టాల్ చేశాక

వీఎస్ కోడ్ వేశాను, రన్ కొడితే ‘జీసీసీ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్’ అంటోంది

గిన్నె కొన్నారు, పొయ్యి కొనలేదు. వీఎస్ కోడ్ రాయడానికి మాత్రమే. సీ ప్రోగ్రామ్‌ని మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ వేరే సాఫ్ట్‌వేర్, అది విడిగా వేసుకోవాలి. విండోస్‌లో ఎంఎస్‌వైఎస్2 వేసి, దాని ద్వారా మింగ్-డబ్ల్యూ64 జీసీసీ తెచ్చుకోండి. తర్వాత జీసీసీ ఉన్న బిన్ ఫోల్డర్‌ని విండోస్ పాత్‌లో చేర్చండి. పాత్ అంటే ‘ఎవరైనా ఒక కమాండ్ పేరు చెబితే ఈ ఫోల్డర్లలో వెతుకు’ అని విండోస్‌కి రాసిచ్చిన చీటీ. చేర్చాక వీఎస్ కోడ్ మూసి మళ్లీ తెరవండి, అది తెరిచినప్పుడు చదివిన పాత చీటీనే పట్టుకుని ఉంటుంది.

ఈ ఒక్కటి అర్థమైతే ‘ఏ ఎడిటర్ మంచిది’ అనే గొడవ సగం తీరుతుంది. రన్ బటన్ చేసేది ఒక కమాండ్‌ని మీ తరఫున టైప్ చేయడమే. వారానికోసారైనా బటన్ ముట్టుకోకుండా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) ఆ కమాండ్ మీరే కొట్టి చూడండి.

రన్ అవుతోంది కానీ స్కాన్‌ఎఫ్ దగ్గర ఏమీ టైప్ చేయనివ్వట్లేదు

మీరు కోడ్ రన్నర్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నారు. అది ఫలితాన్ని అవుట్‌పుట్ అనే కిటికీలో చూపిస్తుంది. అది చూడటానికే, రాయడానికి కాదు. సెట్టింగ్స్‌లో కోడ్ రన్నర్ అని వెతికి ‘రన్ ఇన్ టెర్మినల్’ ఎదురుగా టిక్ పెట్టండి. ప్రోగ్రామ్ ఇప్పటికే వేలాడుతుంటే ముందు కంట్రోల్, ఆల్ట్, ఎమ్ కలిపి నొక్కి ఆపండి.

కోడ్ మార్చినా పాత జవాబే వస్తోంది, పిచ్చెక్కుతోంది

పైన ఫైల్ పేరు పక్కన తెల్లటి చుక్క ఉందా? సేవ్ చేయలేదు. ఫైల్ మెనూలో ఆటో సేవ్ పెట్టేయండి.

ఫైల్ ఎదురుగానే ఉంది, పైథాన్ ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అంటోంది

పైథాన్ మీ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లో వెతకడం లేదు, టెర్మినల్ నిలబడి ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతోంది. వీఎస్ కోడ్‌లో టెర్మినల్ మీరు తెరిచిన ఫోల్డర్‌లో నిలబడుతుంది. డెస్క్‌టాప్ మొత్తాన్ని తెరిచి, లోపల ఎక్కడో ల్యాబ్3 ఫోల్డర్‌లో ఉన్న ప్రోగ్రామ్ నడిపితే డేటా ఫైల్ కోసం డెస్క్‌టాప్ మీదే వెతుకుతుంది. ఓపెన్ ఫైల్ కాకుండా ఓపెన్ ఫోల్డర్ వాడండి, నేరుగా ల్యాబ్3నే తెరవండి.

పిప్‌తో ప్యాకేజీ వేశాను, ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటోంది

మీ మెషిన్‌లో రెండు పైథాన్లు ఉండి ఉంటాయి, ఒకటి మీరు వేసింది, ఒకటి అనకొండాతో వచ్చింది. పిప్ ఒకదాంట్లో పెట్టింది, ఎడిటర్ రెండోదాన్ని నడుపుతోంది. వీఎస్ కోడ్‌లో కుడివైపు కింద పైథాన్ వెర్షన్ కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఉన్నవన్నీ చూపిస్తుంది, సరైనది ఎంచుకోండి. ఇకమీదట పిప్ ముందు ‘పైథాన్ మైనస్ ఎం’ చేర్చి కొట్టండి. అప్పుడు ఏ పైథాన్‌ని పిలిచారో దాంట్లోకే వెళుతుంది.

నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన సీ ఫైల్‌ని కంపైలర్ పట్టించుకోవట్లేదు

ఫైల్ పేరు చివర డాట్ టీఎక్స్‌టీ దాక్కుని ఉంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనిపించేలా పెట్టుకోండి, దొంగ దొరుకుతాడు.

తప్పకుండా వేసుకోవాల్సిన ఎక్స్‌టెన్షన్లు ఏవి? ఒక వీడియోలో నలభై చెప్పారు

మీ భాషకి సంబంధించింది ఒకటి. అంతే, మొదటి నెల. ఎక్స్‌టెన్షన్ అంటే మీ మెషిన్‌లో మీకున్న హక్కులన్నిటితో నడిచే ఇంకొకరి ప్రోగ్రామ్. పేరు కాకుండా దాన్ని పెట్టినవాళ్లెవరో చూడండి. ప్రసిద్ధమైన వాటి పేర్లకి ఒక అక్షరం అటూఇటూ చేసి దొంగవి పెట్టేవాళ్లున్నారు.

ఏఐ ఉన్న ఎడిటర్ వాడాలా? అందరూ కర్సర్ అంటున్నారు

కర్సర్ అనే ఏఐ ఎడిటర్ కూడా వీఎస్ కోడ్‌ని తీసుకుని మార్చి చేసిన చీలికే, అందుకే చూడగానే చుట్టంలా ఉంటుంది. వీఎస్ కోడ్‌లో కోపైలట్ అనే ఏఐ సహాయకుడు ఉంది, దానికి 2024 డిసెంబర్ నుంచి ఉచిత ప్లాన్ కూడా ఇస్తున్నారు.

నా అభిప్రాయం అడిగితే: మొదటి ఆరు నెలలు పక్కన కూర్చున్న సీనియర్‌ని అడిగినట్టు దాన్ని ప్రశ్నలు అడగండి, కానీ లైన్లకి లైన్లు తానే రాసి ట్యాబ్ నొక్కమనే సదుపాయం ఆపేయండి. ఈమధ్య ఒక కుర్రాడికి మాక్ ఇంటర్వ్యూ చేశాను. ఫర్ లూప్‌లో మూడు భాగాలుంటాయని తెలుసు, వాటి మధ్య సెమీకోలన్ పెట్టాలో కామా పెట్టాలో చెయ్యి ఆగిపోయింది. తెలివైనవాడే. ఏడాదిగా ఒక్క లూప్ కూడా తన చేత్తో పూర్తిగా రాయలేదంతే.

## తెలుగు అక్షరాలతో పని ఉన్నవాళ్లకి

తెలుగు టెక్స్ట్ ఫైల్ చదివితే ‘చార్‌మ్యాప్ కోడెక్’ అని పైథాన్ ఆగిపోతోంది

ఎడిటర్‌లో తెలుగు చక్కగా కనిపించేది అది ఫైల్‌ని యూటీఎఫ్-8గా తెరుస్తుంది కాబట్టి. విండోస్‌లో పైథాన్ మాత్రం మీరు చెప్పకపోతే పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌తో తెరవబోయి బోల్తాపడుతుంది. ఓపెన్ ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. విండోస్ నోట్‌ప్యాడ్ కూడా 2019 దాకా మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేసేది కాదు, పాత ఫైళ్లలో చెత్త కనిపిస్తే దాన్ని కూడా అనుమానించండి.

‘తెలుగు’ మూడక్షరాలు కదా, పైథాన్ ఆరు అంటుందేం?

పైథాన్ లెక్కపెట్టేది అక్షరాలని కాదు, యూనికోడ్ సంకేతాలని. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: ఆరు. బైట్లలో అడిగితే ఒక్కోదానికి మూడు చొప్పున 18 చెబుతుంది. ఎడిటర్‌లో బ్యాక్‌స్పేస్ కొడితే ముందు కొమ్ము మాత్రమే పోవడానికీ కారణం ఇదే.

వెతికే మాట కళ్ల ముందే ఉంది, ఫైండ్‌లో దొరకట్లేదు

‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత వే ఒత్తుగా మారిపోకుండా కీబోర్డు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడుతుంది. ఒకరు అది పెట్టి, ఒకరు పెట్టకుండా టైప్ చేస్తే కంప్యూటర్‌కి అవి రెండు వేరు మాటలు. వీఎస్ కోడ్ ఇలాంటి కనిపించని గుర్తుల చుట్టూ గడి కట్టి చూపించగలదు. డేటాతో పని చేసేవాళ్లు వెతికే ముందు రెండు వైపులా ఆ గుర్తు తీసేసి పోల్చాలి.

## ఉద్యోగంలో చేరాక

సర్వర్‌లో ఏదో తెరుచుకుంది, బయటికి రాలేకపోతున్నాను. అర్జెంట్!

అది విమ్ అనే ఎడిటర్. ఎస్కేప్ నొక్కండి. కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్. మార్పులేవీ సేవ్ కాకుండా బయటపడతారు. సేవ్ చేసి రావాలంటే కోలన్, డబ్ల్యూ, క్యూ. సిగ్గుపడకండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఈ ఒక్క ప్రశ్ననే 2017 నాటికి పది లక్షల సార్లకు పైగా చూశారు.

అయితే విమ్ నేర్చుకోవాలా?

సర్వర్ల మీద పని ఉంటే కొంచెమైనా రావాలి, అక్కడ కిటికీలూ మౌసూ ఉండవు. టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ అని కొట్టండి, అరగంట పాఠం.

కదలడానికి బాణాల బదులు హెచ్, జె, కె, ఎల్ ఏంటని అందరూ తిట్టుకుంటారు. విమ్‌కి పెద్దన్న లాంటి వీఐని 1970లలో బిల్ జాయ్ రాసింది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ మీద. ఆ కీబోర్డులో బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీదే అచ్చయి ఉండేవి. ఎస్కేప్ కూడా ఇప్పటి ట్యాబ్ ఉన్నచోట, చిటికెనవేలికి అందేలా ఉండేది. ఆ కీబోర్డు పోయింది, అలవాటు మిగిలింది. 1991లో బ్రామ్ మూలెనార్ విమ్‌గా విడుదల చేసి 2023లో కన్నుమూసేదాకా దాన్ని చూసుకున్నారు. విమ్ తెరవగానే ఉగాండాలోని పేద పిల్లలకి సాయం చేయమని కనిపించే మాట ఆయన పెట్టిందే.

విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ సర్వర్‌లో ‘బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్’ అంటోంది

ఇది నాకు ఉద్యోగంలో చేరిన రెండో నెలలో తగిలింది. ‘నో సచ్ ఫైల్’ అంటుంది, ఫైళ్లు చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే ఫైల్ నిక్షేపంగా ఉంటుంది. రాత్రి పదకొండింటికి రెండు గంటలు పర్మిషన్లు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి ఒక సీనియర్ అక్క వచ్చి కనిపించని గుర్తుల్ని బయటపెట్టే క్యాట్ మైనస్ ఏ (పెద్దక్షరం) కొట్టి చూపించింది: ప్రతి లైను చివర ఒక చిన్న టోపీ గుర్తు, పక్కన ఎమ్.

లైను ముగిసిందని చెప్పడానికి విండోస్ రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్ ఒకటే. ఆ అదనపు గుర్తు స్క్రిప్ట్‌ని నడిపే బ్యాష్ పేరుకి అతుక్కుని, లేని ప్రోగ్రామ్‌ని వెతికిస్తోంది. వీఎస్ కోడ్‌లో కుడివైపు కింద సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉన్నదాన్ని నొక్కి ఎల్‌ఎఫ్ చేసి సేవ్ చేయండి. సర్వర్‌లోనే సరిచేయాలంటే డాస్2యూనిక్స్ కమాండ్ ఉంది.

టీమ్‌లో ట్యాబ్‌లా స్పేస్‌లా అని గొడవ. ఎవరు రైటు?

పైథాన్ రాత నియమాల పత్రం పెప్ 8 నాలుగు స్పేస్‌లంటుంది. గో భాషకి దాని సొంత ఫార్మాటర్ ట్యాబ్‌లు పెడుతుంది. మిగతా చోట్ల టీమ్‌లో ముందు నుంచి ఏది ఉంటే అదే. ప్రాజెక్టులో ఒక ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ పెడితే ఎవరు ఏ ఎడిటర్ వాడినా అందరికీ ఒకటే నియమం పడుతుంది.

## మారాలనిపించినప్పుడు

నేను నేర్చుకున్న ఎడిటర్ రేపు మూతపడితే?

పడొచ్చు. గిట్‌హబ్ వాళ్ల ఆటమ్‌కి ఒకప్పుడు బోలెడంతమంది అభిమానులుండేవాళ్లు. 2022 డిసెంబర్ 15న దాన్ని మూసేశారు. నా స్నేహితుడొకడు రెండు వారాలు ముఖం వేలాడేసుకుని తిరిగి, తర్వాత వీఎస్ కోడ్‌కి మారాడు. దాన్ని చేసినవాళ్లే కొందరు ఇప్పుడు జెడ్ అనే ఎడిటర్ రాస్తున్నారు, చాలా వేగంగా ఉంటుంది.

మారడం ఇప్పుడు తేలిక. ఒకప్పుడు ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాష తెలివి విడిగా నేర్పాల్సి వచ్చేది. 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ వచ్చాక భాష తెలివి అంతా ఒక విడి ప్రోగ్రామ్‌లో ఉంటోంది, ఏ ఎడిటరైనా దాన్నే అడుగుతుంది. తప్పు కింద ఎర్రగీత వీఎస్ కోడ్‌లో వచ్చినా నియోవిమ్‌లో వచ్చినా వెనక జవాబు చెప్పేది చాలాసార్లు అదే ప్రోగ్రామ్.

ఈమాక్స్ ఇంకా ఎవరైనా వాడుతున్నారా?

వాడుతున్నారు, వాడేవాళ్లు వదలరు. 1976లో ఎంఐటీలో మొదలైంది, లిస్ప్ అనే భాషతో దాన్ని ఎలా కావాలంటే అలా మలుచుకోవచ్చు. మా ఆఫీసులో ఒకాయన ఈమెయిల్, డైరీ, ఇంటి ఖర్చుల లెక్క అన్నీ అందులోనే చూస్తారు. నేను రెండుసార్లు ప్రయత్నించాను. రెండోసారి కంట్రోల్ నొక్కీ నొక్కీ చిటికెనవేలు నొప్పెడితే, క్యాప్స్‌లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకోమని ఆయనే చెప్పారు. ఈమాక్స్ వదిలేశాను గానీ, ఆ మార్పు మాత్రం ఇప్పటికీ నా ప్రతి కీబోర్డులోనూ ఉంది.